వరుస చివర నిలబడిన మనిషి

క్రిందటి వారం మనం సంపాదకురాలిని ఆమె బల్ల దగ్గర వదిలి వచ్చాము. ఫొటోను సొరుగులో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని గుప్పిట్లో బిగించుకొని కూర్చున్నది. ఈ వారమే కథలోకి అడుగుపెడుతున్న పాఠకుల నిమిత్తం జరిగినది క్లుప్తంగా చెప్పుకోవడం మర్యాద.

రంగుల ఫ్యాక్టరీలో నెలనెలా ఒక పత్రిక వెలువడుతుంది. పెద్దసారు సందేశం, పుట్టినరోజులు, పదవీ విరమణలు, మంటలు చెలరేగినప్పుడు ఏ మెట్ల మీదుగా దిగవలెనన్న సూచన తప్ప దానిలో మరేమీ ఉండేవి కావు. చదివేవారు లేరు. కుంచెలు తుడుచుకొనేవారు, టిఫిన్ డబ్బా కింద పరచుకొనేవారు మాత్రం ఉండేవారు. "ఇంకొక్క సంచిక చూస్తాను. ఎవరైనా చదివారని నాకు నమ్మకం కలగాలి. లేకపోతే మూసేద్దాం" అని పెద్దసారు తేల్చి చెప్పిన తరువాత, ఆమె విషయాల కోసం విభాగం విభాగమూ తిరిగింది. "రాయడానికేముందమ్మా? రంగు కలిపాం, డబ్బాల్లో పోశాం, ఇంటికెళ్ళాం" అన్నారు అంతటా. చివరకు సామాన్ల గదిలో బీరువా వెనుక దొరికిన, ఫ్యాక్టరీ ప్రారంభించిన నాటి గుంపు ఫొటోను అచ్చువేసి, కింద 'వీరెవరో గుర్తుపట్టండి' అని వ్రాసింది. ఇంతకన్నా నిరపాయకరమైన శీర్షిక ఏ పత్రికకైనా దొరుకుతుందా?

అందరినీ గుర్తుపట్టారు. వరుస చివర నిలబడిన మనిషిని సైతం గుర్తుపట్టారు, కాని ఒక్కొక్కరు ఒక్కొక్కరిగా. క్యాంటీన్ అక్క తన మేనమామ అన్నది. ప్యాకింగ్ సూపర్‌వైజరు గతించిన తన మొదటి భార్య అన్నాడు. ఆ మనిషి ఆడో మగో కూడా ఇద్దరికి ఒకలాగ కనిపించలేదు. చెప్పినవారి మాటలన్నిటిలో ఒక్కటే పోలిక ఉన్నది. వారు పేర్కొన్నవారెవరూ బ్రతికి లేరు.

సంపాదకురాలికి మాత్రం అక్కడ మెడ వరకు బొత్తాలు పెట్టుకొన్న ఒక అపరిచితుడు కనిపించాడు. అతడు అపరిచితుడు కావడమే ఆమెకు గొప్ప ఊరట. ఆమె అన్నగారు కొన్నేళ్ళ క్రితం వంతెన పనికని ఒక ఉదయం బస్సెక్కి, దిగవలసిన చోట దిగలేదు. వెదికినవారికి మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. అన్నయ్య ఫొటోలో లేడు గనుక అన్నయ్య బ్రతికే ఉన్నాడు. ప్రతి ఉదయం ఆమె సొరుగు తెరచి, ఆ పరాయి ముఖాన్ని ఒకసారి చూచుకొని, తాళం వేసి, పని మొదలుపెడుతున్నది.

పత్రికకంటూ ప్రత్యేకించి గది లేనందున ఆమె బల్లను రంగులు సరిచూసే గదిలో ఒక మూల వేశారు. గది నాలుగు గోడలూ బూడిద రంగు. అక్కడ మరే రంగూ ఉండరాదు, కన్ను మోసపోతుంది. మధ్యలో ముందువైపు తెరచి ఉన్న ఒక పెద్ద పెట్టె, దానిలో మూడు రకాల దీపాలు. పగటి వెలుగు ఒకటి, ఆఫీసు ట్యూబులైటు వెలుగు ఒకటి, ఇంట్లో వెలిగించుకొనే పసుపు వెలుగు ఒకటి. రంగు పూసిన రేకు ముక్కలను ఆ పెట్టెలో పక్కపక్కన ఉంచి చూస్తారు. ఒక దీపం కింద కవలల్లాగ కనిపించినవి మరొక దీపం కింద ఏ సంబంధమూ లేనివిగా తేలిపోతాయి. ఆ గదికి అధిపతి రంగుల మాస్టారు. కంటిచూపు విషయంలో తనకు సాటి లేరని ఆయనకు దృఢమైన అభిప్రాయం, దానిని రోజుకొకసారైనా ప్రకటించనిదే ఆయనకు తోచదు.

మధ్యాహ్న భోజనానికి కొంచెం ముందు పెద్దసారు స్వయంగా ఆ గదికి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అరుదు. చేతిలో పత్రిక ఉన్నది.

"అదరగొట్టేశారమ్మా! నిన్న మా ఇంట్లో కూడా ఇదే గోల. మా ఆవిడ ఈ సంచికని కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టింది. మన పత్రికని, బీరువాలో!"

"చదివేవాళ్ళున్నారని నమ్మకం కలిగిందా సార్?" అన్నది సంపాదకురాలు నీరసంగా.

"కలగడమేంటి! ఇకమీదట ప్రతి నెలా ఒక పాత ఫొటో వెయ్యండి. విషయాల కోసం గడప గడపా తిరిగే బాధ తప్పింది. ఈసారి జవాబులకి రెండు పేజీలివ్వండి. సరైన జవాబు చెప్పినవాళ్ళకి బహుమతి కూడా పెడదాం. ఒక డబ్బా తెల్ల డిస్టెంపర్."

"సరైన జవాబు ఏదని వేద్దాం సార్?"

"అదే... ఎవరో ఒకరు అయ్యుంటారు కదా. మీరే తేల్చండి. సాయంత్రానికి ప్రెస్సుకెళ్ళిపోవాలి."

"సార్, ఏమీ అనుకోకపోతే ఒకటడుగుతాను. మీకెవరు కనిపించారు?"

పెద్దసారు నవ్వాడు. "నాకా? ఇవన్నీ చూస్తూ కూర్చునే తీరికెక్కడుందమ్మా నాకు?"

ఆయన మాట్లాడినంతసేపూ పత్రికను ఫొటో ఉన్న పేజీ దగ్గరే మడిచి పట్టుకొని ఉన్నాడు. బొటనవేలు వరుస చివరి మనిషి ముఖం మీద ఉన్నది. పత్రికను బల్ల మీద పెట్టేటప్పుడు కూడా ఆ వేలిని చిట్టచివరకు తీశాడు, తీస్తూనే చూపు కిటికీ వైపు తిప్పుకొన్నాడు. ఆయన వెళ్ళిన తరువాత చూస్తే ఆ చోట కాగితం చెమటకు తడిసి ఉబ్బి ఉన్నది.

"చూశావా, ఆయన కూడా చూశాడు," అన్నారు రంగుల మాస్టారు, రేకు ముక్క తుడుస్తూ. "చూడనివాడికి అంత కరెక్టుగా వేలు పెట్టడం రాదు."

ఆమె బదులు చెప్పబోయేంతలో తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, నేల మీది రంగు మరకలను తప్పించుకొంటూ, సందర్శకుల చీటీ మెడలో వేసుకొని సంపాదకురాలి వదినగారు, అంటే ఆ తప్పిపోయిన అన్నగారి భార్య, లోపలికి వచ్చింది. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఫ్యాక్టరీ గడప తొక్కినది కాదు.

"ఈ వాసనలోనా నువ్వు కూర్చునేది? ముక్కు ఇంట్లో వదిలేసి వస్తావా రోజూ?"

"అలవాటైపోయింది వదినా. నువ్వేంటి ఈ వేళప్పుడు? షాపు?"

"షట్టర్ సగం దించి వచ్చాను." సంచిలోనుండి నలిగిన పత్రిక ఒకటి తీసి బల్ల మీద పరచింది. "దగ్గు మందుకొచ్చినాయన దీన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇందులో వాళ్ళ నాన్న ఉన్నాడట. బతిమాలి తీసుకున్నాను. తీరా చూస్తే ఆఖరి మనిషి మొహం నిండా ఆకుపచ్చ రంగు. మీవాళ్ళెవరో కుంచె తుడుచుకున్నారు."

"మావాళ్ళు పత్రిక చదివే పద్ధతి అదే."

"సరే. అసలు ఫొటో చూపించు."

సంపాదకురాలు పత్రికను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "ప్రెస్సుకి పంపించేశాను."

"మరి సొరుగు మీద ఆ చెయ్యెందుకు?" అన్నది వదిన.

రంగుల మాస్టారు గొంతు సవరించుకొన్నారు. తాను ఆ గదిలోనే ఉన్నట్టు తెలియజేయడం తప్ప ఆయనకు వేరే ఉద్దేశం లేదు.

"వదినా, ఇంటికెళ్ళు. సాయంత్రం మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడుకునేదేనా ఇది? మీ అమ్మ పక్క గదిలో ఉంటుంది. నువ్వేమో నెల రోజులుగా ఈ పత్రిక ఇంటికే తేలేదు. మన వీధిలో అందరికీ తెలుసు, ఇందులో ఏం కనిపిస్తుందో. నాకొక్కదానికే తెలియకూడదా?"

"అన్నయ్య ఇందులో లేడు. నేను రోజూ చూస్తున్నాను. లేడు."

"నీ కళ్ళతో చూశావు. నా కళ్ళతో నేను చూడొద్దా?"

వదిన కుర్చీ లాక్కొని కూర్చున్నది. కంఠం తగ్గించింది గాని మాస్టారికి వినబడకుండా ఉండేంతగా తగ్గించలేదు.

"ఆయన మళ్ళీ అడిగాడే, పెళ్ళి సంగతి. మా షాపు ఓనరు తమ్ముడు. ఆదివారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు. మంచివాడని నీకూ తెలుసు. నువ్వే అన్నావు ఒకసారి. నేనేం చెప్పను? మీ అన్నయ్య ఉన్నాడని చెప్పనా? పోయాడని చెప్పనా? ఇన్నేళ్ళూ రెండూ చెప్పలేక, చెప్పనివ్వక, గుమ్మంలో కాలు పెట్టి నిలబడ్డట్టుంది నా బతుకు."

"అన్నయ్య వస్తే?"

"అదే కదా నాకు తెలియాల్సింది. తియ్యి సొరుగు."

"నువ్వు చూసి, అన్నయ్యే అంటే, ఇక అంతే కదా వదినా! ఇంట్లో ఎవరమూ ఇంకేం అనుకోవడానికుండదు. నీకు జవాబు దొరుకుతుంది. అమ్మకీ నాకూ ఏం మిగులుతుంది?"

ఇద్దరూ ఒకరినొకరు చూచుకొన్నారు. వీరిద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. ఒకే మనిషి కోసం ఇద్దరు వేరువేరు కారణాలతో దుఃఖించవలసి వచ్చినప్పుడు మంచితనం ఎంత దూరమని తోడు వస్తుంది?

అప్పుడు రంగుల మాస్టారు పెట్టెలోని రేకు ముక్కలను తీసి పక్కన పేర్చారు.

"చూడమ్మా, ఈ గదిలో ఒక పద్ధతుంది. ఏ రంగైనా ఇద్దరు చూడాలి. ఒకరు చూస్తున్నప్పుడు రెండోవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇద్దరూ చూడడం అయిపోయేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఎందుకంటే, మొదటివాడు 'కొంచెం ఎరుపెక్కువ' అన్నాడనుకో, రెండోవాడికి పచ్చటి రంగులో కూడా ఎరుపే కనిపిస్తుంది. మీ పత్రికమ్మ అక్కడే తప్పు చేసింది. ఫొటో వేసి ఊరంతటినీ ఒకేసారి అడిగింది. ఒకడి మాట ఇంకోడు విన్నాడు. ఆ జవాబులకి నేను విలువివ్వను."

"అంటే అందరూ ఊహించుకున్నారంటారా?" అన్నది సంపాదకురాలు, మునిగేవారు చెయ్యి చాచినట్టుగా.

"అనను. పద్ధతి ప్రకారం చూడలేదంటాను. పెట్టు అందులో."

ఆమె గుప్పిలి విప్పింది. తాళంచెవి ముద్ర అరచేతిలో ఎర్రగా పడి ఉన్నది. ఫొటోను తీసి, తాను దానివైపు చూడకుండా, పెట్టెలో నిలబెట్టి వచ్చి గోడకు ముఖం పెట్టి నిలుచున్నది. బూడిద రంగు గోడ. వెనుక మీట నొక్కిన చప్పుడు, పగటి దీపం వెలిగింది. వదిన గాజుల సవ్వడి ఆగిపోయింది. తరువాత ట్యూబులైటు. తరువాత పసుపు దీపం. పసుపు వెలుగు గోడ మీదికి కూడా కొంచెం పాకింది. ఆ కాసేపూ సంపాదకురాలికి వినబడినది తన ఊపిరి మాత్రమే. వదిన ఊపిరి వినబడలేదు.

"ఇప్పుడు మీరు," అన్నారు మాస్టారు.

ఆమె చూచింది. పగటి వెలుగులో అదే పరాయి మనిషి. మెడ వరకు బొత్తాలు, పాపిడి తీసిన జుట్టు, ఎవరి మీదా నిలవని చూపు. ట్యూబులైటు కింద కూడా అతడే. పసుపు వెలుగులో అతడు ఇంటి వరండాలో నిలబడి లోపలికి పిలుస్తారేమోనని వేచి ఉన్నవానివలె కనిపించాడు. అయినా ఆమెకు తెలియనివాడే.

"చెప్పండి," అన్నారు మాస్టారు వదినతో.

"చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు," అన్నది వదిన. గొంతు ఆశ్చర్యపడేంత మామూలుగా ఉన్నది. "ఎడమ చెయ్యి ఒక మడత ఎక్కువ. ఎప్పుడూ అంతే, సరిచేస్తే విసుక్కునేవాడు. గడ్డం గీసుకోలేదు. మూడు దీపాల్లోనూ మీ అన్నయ్యే."

సంపాదకురాలు బల్ల అంచు పట్టుకొన్నది. ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ మోసిన బరువు ఉన్నట్టుండి లేకపోయేసరికి ఖాళీ సొరుగును మూసి దానికి మళ్ళీ తాళం వేసింది. "అయితే అన్నయ్య..."

"ఆగమ్మా," అన్నారు రంగుల మాస్టారు.

ఆయన పసుపు దీపం ఆర్పలేదు. కుంచె తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకొంటున్నారు, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"నాకు మా చిన్ననాటి స్నేహితుడు కనిపించాడని మీ పత్రికలో రాయించాను. అది నిజం కాదు. నాకు కనిపించింది మా పెద్దమ్మాయి."

"మీ పెద్దమ్మాయి బతికే ఉంది కదండీ!"

"బతికే ఉంది. నిన్న ఫోన్ కూడా చేసింది. వాళ్ళమ్మకి. నేను పక్క గదిలో నించుని ఆ గొంతు విన్నాను. నాకివ్వమని నేనడగలేదు, ఇవ్వమని అదీ అడగలేదు." ఆయన ఫొటోవైపు చూడలేదు. "పోయినవాళ్ళే కనిపిస్తారని మీరంతా అనుకున్నారు. పోయినవాళ్ళ కోసం ఎవరూ ఎదురుచూడరు కాబట్టి అలా తోచింది. ఇది చావుకి సంబంధించింది కాదమ్మా. మనం ఎవరి కోసం ఎదురుచూడడం మానేశామో వాళ్ళే అక్కడ నిలబడుతున్నారు. మా అమ్మాయి మా గుమ్మం ఎక్కుతుందని నేననుకోవడం మానేసి చాలా కాలమైంది."



సంపాదకురాలు మెల్లగా వదినవైపు తిరిగింది. అన్నయ్య మరణించాడన్న వార్త కంటె ఈ వార్త ఆమెను ఎక్కువగా గాయపరచింది.

"నువ్వు మానేశావా?"

వదిన తల వంచుకోలేదు. "మొన్న వానలప్పటి నుంచి ఆయన పళ్ళెం బయటికి తియ్యడం మానేశాను. రోజూ తీసేదాన్ని కదా, తుడిచి మళ్ళీ లోపల పెట్టేదాన్ని. ఒకరోజు మర్చిపోయాను. మర్నాడు గుర్తొచ్చింది, అయినా తియ్యలేదు. నువ్వు ఎదురుగా కూర్చుని తింటున్నావు, చూశావు. ఏమీ అనలేదు."

"మర్చిపోయావేమో అనుకున్నాను."

"అవును. అదే చేశాను."

"ఎంత తేలిగ్గా చెప్తున్నావు వదినా!"

"తేలిగ్గానా?" వదిన నవ్వబోయింది, ముఖం సహకరించలేదు. "నీకింకా పరాయివాడే కనిపిస్తున్నాడు. అంటే నువ్వింకా బస్సులవైపు చూస్తూనే ఉన్నావు. నిన్ను చూస్తే నాకు జాలేస్తుందో అసూయేస్తుందో తెలియట్లేదు. ఎక్కడో ఆయన బతికి ఉంటే, ఆయన్ని పట్టుకుని ఉన్నది నువ్వొక్కదానివే ఇప్పుడు. ఆ దారం నా చేతిలోంచి జారిపోయింది."

సంపాదకురాలు ఏమి అనేదో మనకు తెలియదు. బల్ల మీది ఇంటర్‌కమ్ మ్రోగింది. గేటు దగ్గరి కాపలాదారు.

"అమ్మా, మీ కోసం ఒకరొచ్చారు. పత్రిక ఆఫీసెక్కడని అడిగారు."

"ఇప్పుడు కుదరదు. సాయంత్రం రమ్మను."

"చెప్పానమ్మా. వినలేదు. ఫొటోలో ఆఖరున నిలబడింది తానేనంటున్నారు."

ఆమె చెవినుండి ఫోను కొంచెం దూరం జరిపి మళ్ళీ దగ్గరకు తెచ్చుకొన్నది. "మనిషెలా ఉన్నాడు?"

అవతల గేటు తీసిన చప్పుడు, ఎవరిదో వెక్కిళ్ళ చప్పుడు వినబడ్డాయి.

"నన్నడక్కండమ్మా. నాకు మా తమ్ముడిలా ఉన్నాడు. ఏట్లో పోయిన మా తమ్ముడు. పక్కన లారీ డ్రైవరేమో అమ్మా అమ్మా అంటూ కాళ్ళ మీద పడ్డాడు. ఆ మనిషి మమ్మల్నిద్దర్నీ ఎవరో తెలియనట్టు చూసి, నమస్కారం పెట్టి, మెట్లవైపు వెళ్ళిపోయాడు. నేను ఆపలేకపోయాను. ఎలా ఆపనమ్మా?"

రంగుల మాస్టారు పెట్టెవైపు చూశారు. చూచినవారు చూచినట్టే ఉండిపోయారు. వరుస అలాగే ఉన్నది, మనుషులంతా అలాగే ఉన్నారు. చివర మాత్రం పసుపు వెలుగులో ఖాళీ గోడ కనిపిస్తున్నది. ముగ్గురికీ అదే కనిపించింది. ఆ ఫొటో విషయంలో ముగ్గురికి ఒకే విధంగా కనిపించినది అదే మొదలు.

మెట్ల మీద అడుగులు వినవచ్చాయి. తొందర లేని నడక. తలుపు ముందు ఆగింది.

"ఎవరండీ లోపల? పత్రిక ఇక్కడేనా?"

ఎవరిదో గొంతు. ఎన్నడూ వినని గొంతు. సంపాదకురాలు ఊపిరి వదిలింది. అంతలో వదిన కుర్చీ వెనక్కు పడిపోయేంత వేగంగా లేచింది.

"విన్నావా? ఆయనే. నన్ను పేరు పెట్టి పిలిచాడు."

"నిన్నెవరూ పిలవలేదు వదినా. పత్రిక ఎక్కడని అడిగాడు, అంతే. ఎవరో పరాయివాడు."

"తప్పుకో."

"వద్దు. తలుపవతల ఉన్నది అన్నయ్య కాదు. నువ్వు వదిలేశావు కాబట్టే అన్నయ్యలా వచ్చాడు. దానికి తలుపు తీస్తే, అసలు మనిషి ఎప్పుడైనా వచ్చినా నువ్వతన్ని చూడలేవు."

"ఆయన గొంతే! చాలు నాకు. తప్పుకోమంటున్నానా?"

మాస్టారు చెవులు మూసుకొని గోడవైపు తిరిగి ఉన్నారు. ఆయనకు ఎవరి గొంతు వినబడుతున్నదో ఆయన పెదవులు చెబుతున్నాయి. సంపాదకురాలు తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. ఎదుట వదిన, కన్నీళ్ళతో, ఆశతో, పదేళ్ళు చిన్నదైపోయిన ముఖంతో. ఆ ముఖాన్ని చూస్తూ, తన అడ్డు న్యాయమేనా అని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సంపాదకురాలు సందేహించింది. ఇన్నేళ్ళకు ఎవరైనా తిరిగి వస్తారా అన్న ప్రశ్న ఆమె మనస్సులో మొట్టమొదటిసారి పూర్తి వాక్యంగా ఏర్పడింది.

వీపు వెనుక గడియ మీద చెయ్యి పడింది. తలుపవతలి మనిషి మరొకసారి పిలిచాడు.

ఈసారి ఆ గొంతు ఆమెకు పూర్తిగా పరాయిదిగా తోచలేదు.